'మనం' గెలిచామట!

గ్లాస్టర్‌లో ఉంటున్న మన తెలుగు బాబులకి ఒక ప్రశ్న. కింగ్స్‌హోమ్ అనే గ్రౌండు ఉందని, అక్కడ 1891 నుంచి రగ్బీ ఆడుతున్నారని మీలో ఎంతమందికి తెలుసు? మ్యాచి రోజు ఊరంతా ఎరుపు తెలుపు చొక్కాలేసుకుని అటు పోతుంటే, మనవాళ్ళు రూములో బిర్యానీ తింటూ టీవీలో మాంచెస్టర్ ఫుట్‌బాల్ చూసి "మనం గెలిచాం" అని గంతులు! మనం ఏంటి మనం? ఆ ఊరు ఎప్పుడైనా వెళ్ళారా?

నేనూ ఆ బాపతే లెండి. మా టీములో ఒక పెద్దాయన బలవంతమ్మీద 'షెడ్'లోకి వెళ్ళా. షెడ్డంటే కుర్చీలుండవు, నిలబడి అరవడమే. బంతిని చేత్తో ముందుకి విసరకూడదని కూడా తెలీదు నాకు. పక్కనున్న పెద్దావిడ ఓపిగ్గా చెప్పింది, మధ్యమధ్యలో రిఫరీని తిడుతూ. అవతలి జట్టు అభిమాని మా మధ్యే నిలబడి బీరు తాగుతున్నాడు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు ఓడిపోయాం, వానలో తడిసి ముద్దయ్యాం. మర్నాడే సీజన్ టికెట్టు కొనేశా.

"డబ్బు దండగ" అన్నాడు రూమ్మేటు. పక్కనున్న వూస్టర్ క్లబ్బు 2022లో అప్పుల్లో మునిగి సీజన్ మధ్యలోనే ఆగిపోయింది. అప్పులు అభిమానులు చేసినవి కావు, నిజమే. శనివారాలు పోగొట్టుకున్నది మాత్రం వాళ్ళే.

2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగులో హైదరాబాద్ పేరుతోనూ ఒక జట్టుంది. ఆ ఏడాది మ్యాచిలన్నీ ముంబైలో! పేరు పెడితే ఊరి జట్టయిపోతుందా?

బాత్‌తో మ్యాచికి నా దగ్గర రెండు టికెట్లున్నాయి. ఒరేయ్ రూమ్మేటూ, రెయిన్‌కోటు తెచ్చుకో.