నేపాల్‌లో పెట్టెలు, మన దగ్గర పాడెలు

2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో నక్సలైట్లతో చర్చలు జరిగిన నాలుగు రోజులూ జనగామ, మానుకోట, భూపాలపల్లి వాళ్లం టీవీల ముందు నుంచి లేవలేదు. అడవిలోంచి వచ్చిన నక్సలైట్ల నాయకుడు రామకృష్ణ ఎట్లా ఉన్నాడు, ఎట్లా మాట్లాడుతున్నాడు అని ముచ్చటపడ్డాం. తుపాకుల సంగతి ఏం తేలిందని మాత్రం ఎవరం అడగలేదు. ఊళ్లలోకి ఆయుధాలతో రావొద్దని సర్కారు, దించేది లేదని అన్నలు. భూముల పంచాయితీ సరేసరి. 2005 జనవరికి చర్చలు చెడిపోయాయి. ఆగస్టు 15న ఎమ్మెల్యే నర్సిరెడ్డిని మావోయిస్టులు చంపారు, రెండు రోజులకు వాళ్ల పార్టీ మీద మళ్లీ నిషేధం పడింది.

ఇదే తుపాకుల ముడి నేపాల్‌కూ పడింది. వాళ్లు విప్పుకున్నారు. 2006 నవంబర్ 21న శాంతి ఒప్పందం. మావోయిస్టు సైనికులు శిబిరాల్లోకి, తుపాకులు ఇనుప కంటైనర్లలోకి వెళ్లాయి. తాళంచెవి మావోయిస్టుల దగ్గరే, నిఘా మాత్రం ఐక్యరాజ్యసమితిది. నేపాల్ సైన్యం కూడా అన్నే ఆయుధాలు పెట్టెల్లో పెట్టింది. ఎవరి పరువూ పోలేదు. 2008లో మావోయిస్టు నాయకుడు ప్రచండ ప్రధాని అయ్యాడు. తిరుపతి నుంచి పశుపతి దాకా ఎర్రదారి పడుతుందని ఢిల్లీ పడ్డ భయం సగం అక్కడే తీరింది. ఆ ఒప్పందానికి దారితీసిన పన్నెండు అంశాల అవగాహన ఎక్కడ కుదిరిందనుకున్నారు? ఢిల్లీలోనే, మన దగ్గర నిషేధం పడ్డ మూడు నెలలకు!

ఇక్కడ మధ్యవర్తులు లేరా అంటే ఉన్నారు. మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, ఆయన తోటివాళ్లు 1997 నుంచి సర్కారుకూ అన్నలకూ మధ్య ఇటూ అటూ తిరిగారు. ఆ బరువంతా వాళ్ల నెత్తిన పెట్టి మనం ఊరుకున్నాం. ఇన్‌ఫార్మర్ అని ఒకణ్ని చంపితే మనలో సగంమందిమి నోరు మెదపలేదు, ఎన్‌కౌంటర్‌లో పిల్లగాడు పోతే మిగతా సగం. బళ్లలో, సభల్లో తెలంగాణ సాయుధ పోరాటమని, దొడ్డి కొమురయ్య పేరు చెప్పి కడవెండి కథ ఎన్నిసార్లు చెప్పామో. 1951లో అదే పోరాటాన్ని ఎందుకు విరమించారో, దించిన తుపాకుల మీద అప్పుడు ఎంత వాదం నడిచిందో పిల్లలకు చెప్పిన పంతులు అరుదు. ఎత్తడమే చరిత్ర అనుకున్నాం.

చర్చలు చెడిపోయాక యుద్ధం గోదావరి దాటింది. ఛత్తీస్‌గఢ్ చేరింది. 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు అక్కడే చనిపోయాడు. నడిపించినవాళ్లలో చాలామంది తెలుగువాళ్లు, చచ్చినవాళ్లలో ఎక్కువమంది బస్తర్ ఆదివాసీలు. మనం మాత్రం మన జిల్లాల్లో శాంతి వచ్చిందని రాసుకున్నాం.