పడలేదంటే చాలదు, ఎందుకో చెప్పాలి

గృహలక్ష్మి పథకం 2023 ఆగస్టు 30న మైసూరులో మొదలైంది. రేషన్ కార్డులో ఇంటి పెద్దగా పేరున్న ఆడమనిషికి నెలకు రూ.2,000. ఇంత సులువైన లెక్క కూడా మా బళ్లారి గాంధీనగర్‌లో కొందరికి ఇప్పటికీ తేలడం లేదు. ఈ పేటలో బ్యాంకులకు కొదవ లేదు. కర్ణాటక గ్రామీణ బ్యాంకు ప్రధాన కార్యాలయమే ఇక్కడుంది. కొదవల్లా జవాబుకే.

మొన్న ఒక సేవా కేంద్రంలో జీన్స్ కుట్టే ఒకావిడ పాసుబుక్కు ముందు పెట్టింది. ఆర్నెల్లుగా డబ్బు జమ కాలేదు. ‘బ్యాంకులో అడగమ్మా’ అన్నాడు కుర్రాడు. ‘వాళ్లే ఇక్కడికి పొమ్మన్నారయ్యా’ అంది. చివరికి ఆధార్ సైటు తెరిచి, ఆవిడ ఫోన్‌కొచ్చిన ఓటీపీ కొట్టి, ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూశాడు. సంఘం లోను కోసం తెరిచిన ఇంకో ఖాతా బయటపడింది. డబ్బంతా అందులోనే పడుతోంది. ఆధార్ మీద వచ్చే సొమ్ముకు మనం రాసిచ్చిన ఖాతా నంబరుతో పని లేదు; ఆధార్‌ను చివరిగా ఏ ఖాతాకు ముడిపెడితే అందులోకే పోతుంది. ఈ సంగతి ఆవిడకు ముందే ఎవరు చెప్పారు?

పన్ను నిబంధన ఇంకో చిక్కు. ఇంటి పెద్దగా ఉన్న ఆడమనిషో, ఆమె భర్తో ఆదాయపు పన్ను కట్టినా, జీఎస్టీ రిటర్న్ వేసినా గృహలక్ష్మి రాదు. పెద్ద షోరూము యజమానీ, ఇంట్లో నాలుగు మిషన్లు వేసుకుని సరుకు అమ్ముకోవడానికి జీఎస్టీ నంబరు తీసుకున్నవాడూ ఆ నిబంధన ముందు ఒకటే. పని మూతపడ్డా, నంబరు రద్దు చేయించుకోకపోతే రికార్డులో అతను వ్యాపారే.

ఈ నిబంధన వల్ల పథకం డబ్బు ఆగిపోతుందన్న భయంతో తమ సొమ్మునే వదులుకునే పెద్దవాళ్లూ ఉన్నారు. 2025 ఏప్రిల్ నుంచి వృద్ధుల డిపాజిట్ల మీద వడ్డీ ఏడాదికి లక్ష దాటితే బ్యాంకు 10 శాతం టీడీఎస్ కోస్తుంది. కొత్త పన్ను విధానంలో రూ.12 లక్షల దాకా మామూలు ఆదాయానికి రిబేటు పోను కట్టాల్సింది సున్నా. కానీ రిటర్న్ వేస్తేనే ఆ కోత వెనక్కి వస్తుంది. ‘రిటర్న్ వేస్తే మా ఇంటిదానికి రెండు వేలు ఆగిపోతాయేమో’ అని ఊరుకుంటారు. ఆదాయపు పన్ను విషయంలో నిబంధన అడ్డుపెట్టింది పన్ను కట్టేవాళ్లకు. వాపసు కోసం రిటర్న్ వేసేవాళ్లకు కాదు. ఆ తేడా విడమరిచి చెప్పే బోర్డు ఒక్కటైనా ఏ ఆఫీసు గోడకైనా కనబడిందా?

సర్టిఫికెట్లు గడువులోగా ఇవ్వాలని కర్ణాటక 2011లోనే ‘సకాల’ చట్టం తెచ్చింది. అదే పట్టుదల గృహలక్ష్మిలోనూ ఉండాలి. డబ్బు ఆగిన నెలలోనే కారణం ఫోన్‌కు రావాలి: పేరు కలవలేదా, ఖాతా మారిందా, జీఎస్టీ అడ్డొచ్చిందా? 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న జిల్లా ఇది. తెలుగు ఇక్కడ నిన్న మొన్న దిగింది కాదు. ఆ కబురు కన్నడంతో పాటు తెలుగులోనూ రావాలి.

అది వచ్చేదాకా, ‘పడలేదు’ అన్న మాట విని ఇంటికి రాకండమ్మా. స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ఆఫీసుకు వెళ్లి అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఎందుకు పడలేదో కాగితం మీద రాసిమ్మని అడగండి. ఆ కాగితం ఉంటే ఎవరి దగ్గరికి పోవాలో మీకు తెలుస్తుంది. రాసిచ్చినవాళ్లూ ఆ మాటకు కట్టుబడాలి.

– బళ్లారి వాసి