మన నగరపు పోలీసు జట్టు

బంతియాటతో గృహిణులకేమి పనియని సోదరీమణులు కొందఱు మమ్మడుగవచ్చును. శ్రీనగర్ కాలనీ, అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములలో ఆటస్థలములు తఱిగిపోయినవి. పిల్లలు సందులలో మోటారుబండ్ల నడుమ బంతి తన్నుచుండ, తల్లులు "చదువు పాడగును, కాలు విఱుగును" అని లోనికి బిలుచుచున్నారు. వారి భయము నిష్కారణమని మేమనము. కాని మన నగరమున వర్ధిల్లిన యొక ఫుట్‌బాలు సంఘము చరిత్రను విని, పిమ్మట నాలోచింపుడని కోరుచున్నాము.

అదియే హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. పూర్వము దీనికి సిటీ అఫ్ఘాన్స్ అని పేరు. ఈ జట్టు 1950లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును గెలిచెను. ఆ యేడు మొదలు 1954 వఱకు బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా ఐదుమాఱులు తెచ్చెను.

వీరికి ఆట నేర్పినవాడు సయ్యద్ అబ్దుల్ రహీము, వృత్తిచే బడిపంతులు. ఆయన బలహీనమైన కాలితోనే ఆడవలెనని నియమము పెట్టి పోటీలు జరిపెను. ఒక కాలికే అలవాటుపడినవాడు ఒక ప్రక్కకే పనికివచ్చును గదా! పొట్టివారికి వేఱుగా పోటీలు పెట్టెను. బిడ్డ లోపమును జూచి తిట్టక, దానినే దిద్దుట ఆయన పద్ధతి. ఆయన శిక్షణలో భారతదేశము 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల స్వర్ణపతకమును గెలిచెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానము నందెను. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 గోళ్లతో ఓడించి మఱల స్వర్ణము తెచ్చెను. అప్పటికే క్యాన్సరు వ్యాధితో నున్న రహీము 1963 జూనులో కన్నుమూసెను. పిదప జట్టు వెనుకటి వైభవమును మఱల నందుకొనలేదు.

ఈ జట్టున ఆడిన తులసీదాస్ బలరాము సికింద్రాబాదు అమ్ముగూడలో బీదయింట పుట్టెను. అభ్యాసమునకు వచ్చిపోవుటకు సైకిలు అద్దె నిమిత్తము రహీము డబ్బిచ్చెనని చెప్పుదురు. ఆ బాలుడే 1960లో రోము ఒలింపిక్సున హంగరీపై గోలు చేసెను. ఆటకు జీతములులేని ఆ దినములలో పోలీసు కొలువు ఆటగాని యింట పొయ్యి వెలిగించెను. ఆట కూడు పెట్టదను మాటకు ఈ సంఘమే సమాధానము.

ఇక బాలికల మాట. నిజామాబాదు జిల్లా పల్లెనుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళా జట్టున ఆడుచు, 2022లో క్రొయేషియాదేశపు డైనమో జాగ్రెబ్ జట్టునకు ఆడెను. కూతురు వాకిలి దాటుటకే సందేహించు తల్లులు ఈ సంగతిని గమనింతురు గాక.

ప్రతి బిడ్డయు బలరాము కాడు, కానక్కఱలేదు. చెమటపట్టునట్లు ఆడిన బిడ్డకు ఆకలి పుట్టును, నిద్ర పట్టును, ఓటమిని సహించుట అలవడును. కావున సోదరీమణులారా, బంతిని దాచిపెట్టుటకు మాఱు నలుగురు గూడి సమీపపు పాఠశాలవారి నడిగి, ఆదివారము ఒక పూట ఆటస్థలమును తెఱిపింపుడు. కొడుకుతోపాటు కూతును గూడ పంపుడు. కాలు విఱుగు భయము వీధిలోకంటె నచ్చట తక్కువ.