పిట్టకు ఐదు రూపాయలు

మల్లాపూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల అక్కలకు, అన్నలకు, చదువుకునే పిల్లలకు విజ్ఞప్తి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మన దగ్గర పిట్టల పోటీ పెట్టుకుందాం. పొద్దు పొడవక ముందే నలుగురేసి జట్లు బయలుదేరి, పొద్దు గుంకేదాకా చెరువులు, కుంటలు, గోదావరి ఒడ్డు, పసుపు చేలు తిరుగుతాయి. కనబడ్డ, వినబడ్డ ప్రతి జాతినీ రాసుకుంటాయి. ఒక్కో జాతికి ఐదో పదో ఇస్తామని ఊరివాళ్లు ముందే జట్టుకు మాట ఇచ్చి ఉంటారు. ఆ పైసలు చెరువు కోసం ఊరి నిధిలో పడాలి. మేము అడిగేది ఇదే.

ఇలాంటి పోటీ లోకానికి కొత్త కాదు. అమెరికాలోని న్యూజెర్సీలో పీట్ డన్ అనే ఆయన 1984లో దీన్ని మొదలుపెట్టాడు. మే నెలలో ఒక రోజు, అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా పరుగే పరుగు. మొదటి ఏడు గెలిచిన జట్టులో పక్షుల గైడు పుస్తకాలకు పేరుమోసిన రోజర్ టోరీ పీటర్సన్ కూడా ఉన్నాడు. వాళ్లు చూసినవి 201 జాతులు. అక్కడి జట్లు జాతికింత అని చందా రాయించుకుని పక్షులను కాపాడే సంస్థలకు ఇస్తాయి. ఇజ్రాయెల్‌లోని ఐలాట్‌లో 2014లో మొదలైన పోటీలో వచ్చిన సొమ్ము, వలస పిట్టల వేటను ఆపే పనికి వేరే దేశాలకు వెళ్లింది.

మన దేశంలో పక్షుల రేసు 2005లో ముంబైలో మొదలై తర్వాత హైదరాబాద్‌కూ చేరింది. హైదరాబాద్‌లో 1980 నుంచే పక్షుల పరిశీలకుల సంఘం ఉంది, దాని పత్రిక పేరు ‘పిట్ట’. కాకపోతే మన నగరాల రేసులకు ఖర్చు ఒక పెద్ద బ్యాంకు పెట్టుకుంది. జాతికింత అని ఇంటింటా రాయించుకునే పద్ధతి ఇక్కడ నాటుకోలేదు. నన్నడిగితే పోటీకి ప్రాణం అదే. చెక్కు రాసిచ్చిన బ్యాంకు చెరువు కట్ట ఎక్కదు. ఐదు రూపాయలు ఒప్పుకున్న కిరాణం సేటు మాత్రం పొద్దంతా ఫోన్ చేసి ‘ఎన్నయినయ్ రా?’ అని అడుగుతనే ఉంటడు.

లెక్క చూడండి. ఒక జట్టుకు యాభై మంది, జాతికి ఐదు రూపాయల చొప్పున ఒప్పుకున్నారనుకుందాం. ఆ జట్టు అరవై జాతులు చూస్తే పదిహేను వేలు. చెరువూ చేనూ రెండూ ఉన్న మన దగ్గర చలికాలంలో అరవై పెద్ద సంఖ్యేం కాదు. అట్లాంటి జట్లు పదైతే లక్షన్నర. దుబాయిలో, మస్కట్‌లో ఉన్న మన పిల్లలు కూడా తమ ఊరి జట్టుకు ఫోన్‌లోనే రాయించవచ్చు.

‘ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడి మేము ఏడుస్తుంటే పిట్టల పోటీయా?’ అని ఎవరైనా అడిగితే ఆ కోపం న్యాయమైనదే. ఆ పోరాటం ఆగాలని ఎవరూ అనడం లేదు. దానికి అడ్డం రానంత చిన్న పని ఇది.

చిన్నదే కానీ ఆలస్యం చేయగూడని పని. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట సంగతే తీసుకోండి. దేశమంతటి పక్షుల పరిస్థితిపై 2023లో వచ్చిన నివేదిక ప్రకారం, అంతకు ముందు పన్నెండేళ్లలో పాలపిట్టలు దాదాపు 30 శాతం తగ్గాయి. కరెంటు తీగ మీద కనబడాల్సిన పిట్టను దసరా నాడు పంజరంలో పెట్టి చూపించి పైసలడిగే కాలం వచ్చింది.

ఇక చెరువుల మాట. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీశారు, ఒండ్రు చేలకు చేరింది. కాకతీయ కాలువ నీళ్లందే చోట యాసంగిలోనూ చెరువు నిండుగా ఉంటుంది. రైతుకు మేలే, కాదనం. అయితే అంచులు కూడా నిట్టనిలువుగా తవ్వితే చెరువు పెద్ద బావి అయిపోతుంది. నీటికాకికి లోతు ఇబ్బంది కాదు, మునిగి వేటాడుతుంది. ఎర్రకాళ్ల కొంగ నడిచి మేస్తుంది, నీళ్లు దాని కాళ్లకు మించితే ఆకలితో ఎగిరిపోవాల్సిందే. కంకణానికి, నత్తగుల్ల కొంగకు, ఉల్లంకి పిట్టలకు బురద, పిక్కలోతు నీళ్లు కావాలి. అందుకే కట్టకు దూరంగా, శిఖం వైపు ఒక మూలను ఏటవాలుగా వదిలెయ్యాలి. అక్కడి తుమ్మచెట్లు కొట్టొద్దు. మొత్తం చెరువు అడగడం లేదు, ఒక్క మూల చాలు.

చెరువులో చేపలు పెంచే గంగపుత్రులు, ముదిరాజులు ఒప్పుకోకపోతే ఆ మూల కూడా దక్కదు. నీటికాకులు చేపపిల్లలను తింటాయి. అబద్ధం చెప్పి లాభం లేదు. కాబట్టి వచ్చిన సొమ్ములో మొదటి వాటా మత్స్య సహకార సంఘానిది కావాలి: చేపపిల్లలు వదిలిన రోజుల్లో కాపలా కూలికి, పిల్లలున్న భాగం మీద కప్పే వలకు. పిట్టల వల్ల నష్టపోయే మనిషికి ముందు ఇవ్వకుండా బోర్డులు, ఫ్లెక్సీలు కట్టిస్తే ఈ పోటీ రెండో ఏడు జరగదు.

ఇంకో షరతు: ప్రతి జట్టులో ఒక గంగపుత్రుడో, గొర్రెలు కాసే అన్నో ఉండాలి, ఆయనకు ఆ రోజు కూలి దక్కాలి. ఏ తుమ్మ మీద కొంగలు రాత్రికి చేరుతాయో, కౌజులు ఏ గట్టు కింద దాక్కుంటాయో వాళ్లకు తెలిసినంత బైనాక్యులర్స్ మెడలో వేసుకున్న మనకు తెలియదు. మిగతా జట్టు పొలాస వ్యవసాయ కళాశాల, కోరుట్ల పశువైద్య కళాశాల, సిరిసిల్ల వ్యవసాయ కళాశాల, ఊరి హైస్కూలు పిల్లలు. ఇద్దరు గుర్తుపట్టిన జాతే లెక్కలోకి వస్తుంది. గూళ్ల దగ్గరికి పోవద్దు. ఫోన్‌లో కూత వినిపించి పిట్టను రప్పిస్తే ఆ జట్టు పోటీ నుంచి బయటికే.

సాయంత్రం జాబితాలన్నీ ఈబర్డ్ అనే పక్షుల వెబ్‌సైటులోకి ఎక్కించాలి. పైన చెప్పిన 2023 నివేదిక ఇలాంటి మామూలు మనుషుల జాబితాలతోనే తయారైంది. 1931లో సలీం అలీ నిజాం ప్రభుత్వ సాయంతో హైదరాబాద్ రాజ్యం పక్షులను లెక్కకెక్కించాడు. ఈసారి లెక్క మన ఊరి ఖర్చుతో జరుగుతుంది.

సొమ్ము ఎవరి జేబులోనూ ఉండొద్దు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకు జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. స్థానిక జీవవైవిధ్య నిధి అనే ఏర్పాటూ ఆ చట్టంలోనే ఉంది, సొమ్ము పడాల్సింది అందులోనే. మీ ఊళ్లో ఆ కమిటీలో ఎవరున్నారో ముందు పంచాయతీ కార్యదర్శిని అడగండి. వచ్చే గ్రామసభలో మూడు మాటలు తీర్మానంలో రాయించండి: పోటీ తేదీ, వదిలే చెరువు మూల సర్వే నంబరు, మత్స్య సంఘానికి ఇచ్చే వాటా. జమాఖర్చు పంచాయతీ గోడ మీద అతికించాలని నాలుగో మాట కూడా చేర్చగలిగితే మరీ మంచిది.