హత్తీన్ యుద్ధము

యుద్ధములందు జయాపజయములను నిర్ణయించునవి ఆయుధములే యని లోకులు తలంతురు. పాలస్తీనా దేశమున హత్తీన్ కొండ కడ క్రీ. శ. 1187 జూలై 4వ తేదీన ముగిసిన యుద్ధమును పరిశీలించినచో ఆ తలంపు సరికాదని తేటపడును. అచ్చట క్రైస్తవ సేన కత్తి దూయకమునుపే, తన శిబిరముననే ఓడిపోయెను.

ఐరోపా ఖండమునుండి వచ్చిన క్రైస్తవ యోధులు 1099లో జెరూసలేమును జయించి, అచ్చట నొక రాజ్యమును స్థాపించిరి. ఆ మతయుద్ధములకు క్రూసేడులని పేరు. 1187లో ఆ రాజ్యమునకు గీ అను నతడు రాజు. ఈజిప్టు, సిరియా దేశముల నేలుచున్న సుల్తాను సలాదీన్ ఆ రాజ్యముపై దండెత్తి, తిబెరియ పట్టణమును ముట్టడించెను. అచ్చటి కోటలో చిక్కువడినది రేమండు ప్రభువు భార్యయే. అయినను సఫూరియా ఊటల కడ జరిగిన మంత్రాలోచనలో, నడివేసవిలో నీరులేని త్రోవను సేనను నడపవలదని రేమండే వారించెను. రాజు మొదట సమ్మతించెను.

కాని రేమండు పూర్వము సుల్తానుతో సంధి చేసికొనిన వాడు. టెంప్లరు యోధుల నాయకుడు జెరార్డు ఆ రాత్రి రాజును కలిసికొని, రేమండు ద్రోహి యని బోధించెను. రాజు మనసు మారెను. తెల్లవారగనే సేన కదలెను. ఎండ మండుచుండెను. సుల్తాను విలుకాండ్రు దారి పొడవున బాణములు కురిపించిరి. ఆ రాత్రి సేన దాహముతోనే గడపెను. మరునాడు శత్రువులు ఎండుగడ్డికి నిప్పుపెట్టగా పొగ క్రమ్మెను. గలిలయ సరస్సు సమీపముననే యున్నను దానిని చేరు దారి లేకపోయెను. సేన నాశనమయ్యెను. రాజు బందీ యయ్యెను. అక్టోబరు 2న జెరూసలేము సుల్తాను వశమయ్యెను.

సుల్తాను సేన పెద్దదగుటయే ఈ యోటమికి హేతువని కొందరందురు. అది కొంత నిజమే. కాని 1183లో సలాదీన్ దండెత్తినపుడు, ఈ గీయే సేనానాయకుడై, యుద్ధమునకు దిగక ఊటల కడ నిలువగా, సుల్తాను మరలిపోయెను. దేశము దక్కినను, గీకి పిరికివాడను నింద మాత్రము మిగిలెను. ఆ నిందకు మరల వెరచియే అతడు 1187లో సేనను ఎడారి పాలు చేసెనని తలంచుట న్యాయము.

రేమండును శంకించుట నిష్కారణము కాదు. కాని, తన భార్య ముట్టడిలో నుండగా ఆగుడని చెప్పినవాని మాటలో స్వార్థ మెక్కడిది? చెప్పినవాడెవడని కాక, చెప్పిన దేమని విచారింపవలెను. లోకనిందకు జంకి హితవాక్యమును త్రోసిపుచ్చుట ధైర్యము కాదు. రాజు చేసిన ఆ యొక్క తప్పునకు వేలకొలది సైనికులు ప్రాణములతో వెల చెల్లించిరి.