బడికి ఒక సంవత్సరం

విజయదశమి నాటి రాత్రి దేవరగట్టు కొండపై బన్ని ఉత్సవం జరుగుతుంది. కర్రలు, కాగడాలు పట్టి కొండకు చేరిన జనం తెల్లవారిన పిమ్మట తమ తమ ఊళ్లకు మరలుతారు. తరువాత కొద్ది వారాలకే ఆలూరు ప్రాంతంలో మరొక ప్రయాణం మొదలవుతుంది. వాన ముఖం చాటేసిన సంవత్సరం ఈ ప్రయాణం మరింత త్వరగా మొదలవుతుంది. సాయంకాలం ఊరి బయట లారీ ఆగుతుంది. బియ్యపు మూటలు, వంటపాత్రలు, దుప్పట్లు, పసిపిల్లలు, ముసలివారు అందులోకి ఎక్కుతారు. కొందరు గుంటూరు ప్రాంతపు మిరప తోటలకు, కొందరు పత్తి ఏరే చేలకు, మరికొందరు బెంగళూరులో కట్టడపు పనులకు బయలుదేరుతారు. దీనిని ఆ సీమవారు 'సుగ్గికి పోవడం' అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, సంబరాల కాలం. ఆ మాట ఈ నేలకు వచ్చేసరికి దానిలోని సంబరం జారిపోయింది. వలస మాత్రం మిగిలింది.

ఆ లారీలో బడిపిల్లలూ ఉంటారు. నాలుగవ తరగతి చదివే బాలిక మిరపకాయలు కోయడానికే వెళ్లనక్కరలేదు. అమ్మ కోతకు దిగినప్పుడు చంటివాణ్ణి ఎత్తుకొని గట్టున కూర్చోవడానికి ఒకరు కావాలి. అంతే, ఆ పిల్ల చదువు అక్కడ ఆగుతుంది. హాజరు పట్టికలో ఆమె పేరు ఉంటుంది, బడిలో ఆమె ఉండదు. ఉగాది నాటికి తిరిగి వచ్చేసరికి తోటి పిల్లలు పది పాఠాలు ముందుకు పోయి ఉంటారు. రెండు సుగ్గులు గడిస్తే ఆమెకు వచ్చిన అక్షరాలు కూడా మసకబారుతాయి. మూడవ సుగ్గి తరువాత బడికి రావడానికి ఆమెకే మొగమాటం. 2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర ఆగిపోవడానికి, స్త్రీలలో సుమారు సగం మందికి అక్షరం అందకపోవడానికి ఇటువంటి సుగ్గులు ఎన్నో కారణం.

తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదనడం దూరాన ఉన్నవారి మాట. "పిల్లను యాడ ఇడిసిపోదుమప్పా? ఎవురు చూసుకుంటారు?" అని ఆ తల్లి అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి ఊరిలో ఒకరు ఉండాలి. సర్వశిక్షా అభియాన్ కాలంలో ఇటువంటి పిల్లల కోసం వలస ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు ఏర్పాటు చేశారు. తల్లిదండ్రులు సుగ్గికి పోయినంత కాలం పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకొని, తమ బడికే పోవచ్చు. ఆలోచన మంచిది. అయితే గది, గిన్నె, బియ్యం ఉన్నంత మాత్రాన తల్లి బిడ్డను వదలి వెళ్లదు. తనకు తెలిసిన ముఖం ఒకటి ఆ గదిలో కనిపించాలి.

ఇంటర్మీడియట్ గాని, డిగ్రీ గాని ముగించిన యువతీ యువకులు ఒక సంవత్సరం పాటు బడిపిల్లల మధ్య స్వచ్ఛందంగా పనిచేయాలన్న ఆలోచనను ఈ నేపథ్యంలో చూడాలి. ఇది కొత్తది కాదు. జర్మనీలో 1964లోనే స్వచ్ఛంద సామాజిక సంవత్సరానికి చట్టం చేశారు. నైజీరియాలో అంతర్యుద్ధం ముగిశాక 1973 నుంచి పట్టభద్రులు ఒక సంవత్సరం జాతీయ సేవ చేయాలన్న నియమం వచ్చింది. వారిలో చాలామంది పాఠశాలలకే వెళ్లారు. అమెరికాలో బోస్టన్ నగరాన 1988లో ఆరంభమైన సిటీ ఇయర్ సంస్థ యువకులను విద్యాసంవత్సరం పొడవునా బడులలో నిలుపుతుంది. ఇక భారతదేశం సంగతి. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం, ఉన్నత పాఠశాల దాటి కళాశాలలో చేరదలచిన ప్రతి విద్యార్థి తొమ్మిది నెలల నుంచి ఒక సంవత్సరం దాకా జాతీయ సేవ చేయాలని సూచించింది. ఖర్చు భరించడం కష్టమని అది ఆచరణకు రాలేదు. తరువాత కె.జి. సయ్యదైన్ పలు దేశాల అనుభవాన్ని పరిశీలించి, సేవ స్వచ్ఛందంగానే ఉండాలన్నారు. చివరకు గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకం ప్రారంభమైంది.

ఎన్.ఎస్.ఎస్. అని విద్యార్థులందరూ ఎరిగిన ఆ పథకం ఎందరికో గ్రామం ముఖం చూపించింది. దానిని తక్కువ చేయరాదు. కాని లెక్క చూడండి. అందులో చేరినవారు ఏడాదికి 120 గంటలు పనిచేయాలి. రోజుకు ఆరు గంటల చొప్పున అవి 20 రోజులు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు ఏడాదికి 200 రోజులు బడి నడవాలి. పదింట ఒక వంతు కాలంలో ఒక పిల్లవాడి పేరు, ఇల్లు, అతడు ఏ అక్షరం దగ్గర తడబడుతున్నాడో తెలుసుకోవచ్చు. అతణ్ణి ఆ అక్షరం దాటించడానికి కాలం చాలదు. ఇక వారం రోజుల శిబిరాలలో బడి ఆవరణ ఊడ్చి, గోడమీద నినాదం రాసి, ఫొటో దిగి బస్సెక్కడమూ ఉన్నది. అది చెడ్డ పని కాదు గాని, గోడకు జరిగిన మేలు పిల్లవాడికి జరగదు.

సుగ్గి నాలుగైదు నెలలు. పిల్ల వెళ్లకముందు తల్లితో మాట్లాడవలసినవాడు, వెళ్లిన తరువాత ఖాళీ అయిన చోటును గుర్తుంచుకోవలసినవాడు, తిరిగి వచ్చాక పక్కన కూర్చోవలసినవాడు ఒక్కడే కావాలి. అందుకే సంవత్సరం. పక్షంతో గాని, మాసంతో గాని ఈ పని కాదు.

ప్రాచీనులు మనిషి ఋణాలతో పుడతాడని భావించారు. వాటిలో ఋషిఋణం ఒకటి. విద్యను అభ్యసించి, ఇతరులకు అందించి తీర్చుకోవలసిన ఋణం అది. కాళిదాసు రఘువంశంలో కౌత్సుని కథ ఉంది. గురుదక్షిణ వద్దని గురువు వరతంతువు చెప్పినా శిష్యుడు పట్టు విడువడు. విసిగిన గురువు, నేర్పిన 14 విద్యలకు 14 కోట్లు తెమ్మంటాడు. కౌత్సుడు రఘుమహారాజు వద్దకు వెళతాడు. విశ్వజిద్యాగంలో సర్వస్వం దానం చేసిన రాజు అతనికి మట్టిపాత్రతో అర్ఘ్యమిస్తాడు. అయినా నీ ఋణం నీవే చూసుకొమ్మని పంపివేయడు. కుబేరుని నుంచి ధనం రప్పించి ఇస్తాడు. కౌత్సుడు తనకు కావలసినంత మాత్రమే తీసుకుంటాడు. ఈ కథను శిష్యుని నిష్ఠకు ఉదాహరణగా చెప్పడం పరిపాటి. అందులో రాజు చేసిన పని కూడా గమనింపదగినది. ఋణం తీర్చదలచిన యువకునికి దారి చూపడం పాలకుని బాధ్యత. ఈ విషయం మరల ప్రస్తావనకు వస్తుంది.

తెలుగునాట ఇటువంటి కృషి జరిగింది. చరిత్రకారుడు మామిడిపూడి వేంకటరంగయ్య పేర 1981లో ఏర్పడిన ఫౌండేషన్, ఆచార్య శాంతా సిన్హా నాయకత్వంలో 1990ల నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాలలో పనిచేసింది. బడికి దూరమైన ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వారి సూత్రం. పశువులు కాచే పిల్లలను, వెట్టిలో ఉన్న పిల్లలను శిబిరాలకు చేర్చి, కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. ఇంటింటికీ తిరిగినది ఎవరు? ఆ ఊళ్లలోనే చదువుకున్న యువకులు. వారిలో చాలామంది తమ వంశంలో బడి గడప తొక్కిన మొదటి తరం. తాను బడిలో ఎలా నిలబడ్డాడో చెప్పగల పొరుగింటి కుర్రవాడి మాట, వచ్చిపోయే అధికారి మాటకన్నా తల్లిదండ్రుల చెవికి త్వరగా ఎక్కింది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది.

ఆలూరు విషయంలో పొరుగువాడే కావలసి రావడానికి మరొక కారణం ఉన్నది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. సరిహద్దు గీత కాగితం మీద కదిలింది గాని ఇళ్లలోని మాట కదలలేదు. హొళగుంద, హాలహర్వి వైపు ఊళ్లలో ఎందరో పిల్లలు ఇంట కన్నడం మాట్లాడి బడిలో తెలుగు వింటారు. ఎక్కడి నుంచో వచ్చిన ఉపాధ్యాయుడు ఎంత సమర్థుడైనా మొదటి నెలలలో ఆ పిల్లవాని మౌనానికి అర్థం వెదుక్కోవాలి. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో కళాశాలలో చదివిన ఆ ఊరి అమ్మాయికి వెదుకులాట అక్కరలేదు. ఆమె రెండు మాటలూ ఎరుగును. తనూ ఒకప్పుడు అలాగే మౌనంగా కూర్చున్నది.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'విద్యా వాలంటీరు' అన్న పేరుతో స్వల్ప గౌరవవేతనం మీద యువతను ప్రభుత్వ బడులలో నియమించారు. చేసినది ఉపాధ్యాయుని పని, పేరు సేవ. ఉద్యోగం కోసం ఎదురుచూసే నిరుద్యోగి చేత ఉద్యోగమే చేయించి, దానికి త్యాగమని పేరు పెట్టడం న్యాయం కాదు. ఈ మాటకు ఎదురు చెప్పే పరిశోధన కూడా ఉన్నది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆంధ్రప్రదేశ్ గ్రామాలలోని 100 బడులకు అదనంగా ఒక్కొక్క ఒప్పంద ఉపాధ్యాయుణ్ణి ఇచ్చి రెండేళ్లు పరిశీలించారు. ఆ బడుల పిల్లలు గణితంలోనూ భాషలోనూ మెరుగుపడ్డారు. శాశ్వత ఉపాధ్యాయులకన్నా వీరు తక్కువగా సెలవు పెట్టారు, ఎక్కువగా ఆ చుట్టుపక్కలవారే. ఈ ఫలితాన్ని కాదనవలసిన పని లేదు. కాని అందులో 'అదనంగా' అన్న మాటను దాటివేయరాదు. ఉన్న ఉపాధ్యాయునికి తోడుగా మరొక మనిషి రావడం ఆ బడులకు జరిగిన మేలు. ఖాళీ అయిన కుర్చీలో తక్కువ కూలికి మరొకరిని కూర్చోబెట్టడం వేరు. స్వచ్ఛంద సేవకుడు వచ్చాడు కనుక పోస్టు భర్తీ చేయనక్కరలేదని అనిపించే చోట, అతడు తన సంవత్సరాన్ని పిల్లల నుంచి తీసి ఖజానాకు ఇచ్చినట్లవుతుంది.

'ఒక ఏడు వెనకబడిపోతాడు' అన్నది విద్యార్థి ఇంట వినిపించే అభ్యంతరం. కూలి చేసి కొడుకును చదివించిన తండ్రి ఈ మాట అంటే దానిని స్వార్థమనడం తొందరపాటు. నాలుగు రాళ్లు వెనకేసుకున్న ఇంటి బిడ్డకు సంవత్సరం ఇవ్వడం సులభం. సుగ్గికి పోయి చదివించిన ఇంటి బిడ్డకు సులభం కాదు. పిల్లలకు కావలసినది మాత్రం ఈ రెండవవాడే. అందుచేత ప్రభుత్వం అతనికి భోజనం, ప్రయాణం, చేతి ఖర్చు ఇవ్వాలి. పై చదువులకు, ఉద్యోగాలకు పోయినప్పుడు ఆ సంవత్సరానికి కొంత విలువ కట్టాలి. మూడు నాలుగు వారాల శిక్షణ లేకుండా పంపరాదు. ఇవన్నీ పుచ్చుకుంటే సేవ ఎలా అవుతుందని అడిగేవారు కౌత్సుని కథ మరొకసారి చదవాలి.

తిరిగి రాని ఆ సంవత్సరం యువకునికి ఇచ్చేదీ ఉన్నది. ఎక్కాలు రావడమూ, ఎక్కాలు చెప్పగలగడమూ ఒకటి కాదని మొదటి నెలలోనే తెలుస్తుంది. మార్కుల పట్టికలో తొంభై దాటినవాడు, 'ఋ' రాయడం ఎందుకు కష్టమో ఎనిమిదేళ్ల పిల్లవాడి పెన్సిలు చూసి నేర్చుకుంటాడు. ఓపిక అన్నది పుస్తకంలో లేని పాఠమని గ్రహిస్తాడు. దీనిని మరీ పొగడనక్కరలేదు. విసుగూ ఉంటుంది, ఒంటరితనమూ ఉంటుంది. జనవరి నెలలో సగం ఖాళీగా ఉన్న తరగతిలో నిలబడినప్పుడు ఇదంతా ఎందుకన్న ప్రశ్నా కలుగుతుంది.

ఒక సంవత్సరంతో పని ముగుస్తుందా అంటే ముగియదు. 2001–2003 మధ్య వడోదర, ముంబయి నగరాలలో 'ప్రథమ్' సంస్థ బాలసఖులను నియమించింది. ఆ పరిసరాలలోనే పెరిగి, కొంత చదువుకున్న యువతులు వారు. వెనకబడిన 15, 20 మంది పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి చదివించారు. బాగా వెనకబడినవారే ఎక్కువగా పుంజుకున్నారు. అయితే బాలసఖి వెళ్లిపోయిన ఏడాదికి ఆ లాభంలో పెద్ద భాగం కరిగిపోయింది. కనుక ఆలూరు బడికి ఒక యువకుడు కాదు, ఒకరి వెనుక ఒకరుగా వచ్చే వరుస కావాలి. జూన్‌లో వచ్చినవాడు మొదట సుగ్గికి పోయే ఇళ్లేవో తెలుసుకోవాలి. దసరాకు ముందే ఆ తల్లులతో మాట్లాడాలి. ఎందరిని హాస్టలులో నిలపగలడో నిలిపి, వెళ్లినవారు ఏ ఊరి తోటలలో ఉన్నారో రాసుకొని, అక్కడి బడికి కబురు పంపాలి. ఏప్రిల్‌లో అతడు వెళ్లేముందు ఒక నోటు పుస్తకం మిగలాలి. అందులో ప్రతి పిల్లకూ ఒక పుట. ఆమె పేరు, ఇంటి గుర్తు, ఇంట మాట్లాడే భాష, ఎన్ని నెలలు బడికి దూరమైంది, వాచకంలో ఏ పాఠం ఏ వాక్యం దగ్గర ఆగింది. జూన్‌లో కొత్తగా వచ్చినవారు ఆ పుట తీసి, ఆ వాక్యం దగ్గరే వేలు పెట్టి మొదలుపెట్టాలి.