మూడు రోజులు, ఒక ఇంగ్లీషు మెసేజ్

మా నాన్న తెనాలిలో టైలర్. ఆయన నాకు పంపే వాట్సాప్ మెసేజ్‌లలో సగం గుడ్ మార్నింగ్‌లు. మిగతా సగం "ఇదేంటో చూడు చిన్నా" అంటూ పంపే ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌ల స్క్రీన్‌షాట్లు. రీఛార్జ్ ఆఫర్లు, లోన్ ఆఫర్లు, కేవైసీ అప్‌డేట్లు. అన్నింటికీ నా జవాబు ఒక్కటే: "ఏం లేదు నాన్నా, వదిలెయ్."

ఆ గురువారం రాత్రి వచ్చిన స్క్రీన్‌షాట్‌కి ఆ జవాబు కూడా ఇవ్వలేదు. మిడ్ ఎగ్జామ్స్ జరుగుతున్నాయి, అసలు తెరవనే లేదు. మళ్ళీ బుధవారం రాత్రి పరీక్షలు అయిపోయాక తెరిచాను. నాన్న డెబిట్ కార్డు మీద ఏదో విదేశీ సైట్‌లో 14,700 రూపాయలు కట్ అయ్యాయని ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. "నువ్వేం అనలేదుగా, ఆఫర్ అయ్యుంటుందిలే అనుకున్నా" అన్నాడు నాన్న.

ఆ రాత్రే ఇద్దరం కాన్ఫరెన్స్‌లో కస్టమర్ కేర్‌తో మాట్లాడి కార్డు బ్లాక్ చేయించాం. కంప్లైంట్ నంబర్ రాసుకున్నాం. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పాం. తర్వాతి రోజు నేను ఇంటికి వెళ్ళాను, ఇద్దరం కలిసి బ్రాంచ్‌కి వెళ్ళాం.

కౌంటర్‌లో మొదటి ప్రశ్న: "ఓటీపీ ఎవరికి చెప్పారు?"

"చెప్పారా" అని కాదు, "ఎవరికి చెప్పారు" అని. ఓటీపీ రాలేదని నాన్న రెండుసార్లు అన్నాడు. "ఓటీపీ లేకుండా డబ్బులు పోవండీ" అన్నారు వాళ్ళు.

పోతాయి. మన దేశంలోని సైట్లలో కార్డు వాడితే మామూలుగా ఓటీపీ అడుగుతుంది. బయటి దేశాల సైట్లు చాలా వరకు అడగవు. కార్డు నంబర్, ఎక్స్‌పైరీ తేదీ, వెనక ఉన్న మూడంకెల సీవీవీ ఉంటే చాలు. అందుకే ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలను మనమే ఆన్, ఆఫ్ చేసుకునే వీలు ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2020లో చెప్పింది. నాన్న కార్డులో విదేశీ స్విచ్ ఆన్‌లో ఉంది. ఆన్ చేసింది నేనే. వేసవిలో నా ప్రాజెక్ట్‌కి ఒక క్లౌడ్ అకౌంట్ తెరవడానికి ఆ కార్డు వాడాను, పని అయ్యాక స్విచ్ ఆపడం మర్చిపోయాను. నంబర్ ఎక్కడ లీక్ అయిందో మాకు తెలీదు. నాన్న మాత్రం ఎవరికీ ఏదీ చెప్పలేదు.

రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ఒకటుంది. అది చదివాక ఆ కౌంటర్‌లో అడిగిన ప్రశ్నే తలకిందులని అర్థమైంది. తప్పు కస్టమర్‌దని నిరూపించాల్సింది బ్యాంకే. తప్పు బ్యాంక్‌దీ కాక, మనదీ కాక, మధ్యలో ఇంకెక్కడో జరిగితే, బ్యాంక్ నుంచి కబురు అందాక మూడు పని దినాల్లోపు చెబితే మనకి ఒక్క రూపాయి కూడా నష్టం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే, మామూలు సేవింగ్స్ ఖాతాకి 10,000 వరకు నష్టం మనది. ఏడు దాటితే ఆ బ్యాంక్ సొంత పాలసీ ఎలా ఉంటే అలా. మనం చెప్పిన పది పని దినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వెయ్యాలి, 90 రోజుల్లో విషయం తేల్చాలి. ఒకవేళ మనమే మోసపోయి ఓటీపీ చెప్పేసినా సిగ్గుపడి ఊరుకోకూడదు. చెప్పే వరకు పోయింది మనది, చెప్పిన తర్వాత పోయేది బ్యాంక్‌ది.

ఇప్పుడు మా లెక్క. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. శుక్రవారం ఒకటి. రెండో శనివారం, ఆదివారం సెలవు. సోమవారం రెండు, మంగళవారం మూడు. నేను చూసింది బుధవారం. చివరికి 4,700 తిరిగొచ్చాయి. మిగతా పది వేలు ఆ ఒక్క రోజు ఆలస్యానికి కట్టిన ధర. షాపు అద్దె, కరెంటు బిల్లు పోగా నాన్నకి పది వేలు మిగలాలంటే ఎన్ని జాకెట్లు కుట్టాలో నేను లెక్క వెయ్యలేదు. వెయ్యాలంటే భయం.

నా తప్పు నాకు తెలుసు, దాన్ని బ్యాంక్ మీదకి తొయ్యను. కానీ ఒక ప్రశ్న మాత్రం అడుగుతాను. కబురు అందిన దగ్గర్నుంచి మూడు రోజులు అంటున్నారు కదా, చదవలేని భాషలో వస్తే అది అందినట్టా?

అదే బ్యాంక్ ఏటీఎంలో కార్డు పెడితే ముందు భాష ఏది కావాలో అడుగుతుంది. నాన్న తెలుగు నొక్కుతాడు. డబ్బు తీసుకునేటప్పుడు తెలుగు ఉంది. డబ్బు పోయిందని చెప్పేటప్పుడు మాత్రం లేదు. కస్టమర్ల కోసం ముద్రించే ఫారాలు ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాష మూడింట్లో ఉండాలని రిజర్వ్ బ్యాంక్ ఎప్పుడో చెప్పింది. మాకు ఇచ్చిన డిస్ప్యూట్ ఫారం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. "నా కార్డు వివరాలు ఎవరికీ ఇవ్వలేదు" అనే డిక్లరేషన్ కింద, అది చదవలేని నాన్న తెలుగులో సంతకం పెట్టాడు.

నేనూ సరిగ్గా చదివి చెప్పలేకపోయాను. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. డిస్ప్యూట్ అంటే వివాదం నాన్నా అన్నాను. "వివాదమా? మనం ఎవరితో గొడవ పడ్డాం?" అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. అభ్యంతరం అనే మాట నాకు ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

తెలుగులో ఎస్సెమ్మెస్ కష్టం అని మన బ్రాంచ్ వాళ్ళే అంటారని తెలుసు. నిజమే, ఇంగ్లీషు మెసేజ్‌లో 160 క్యారెక్టర్లు పడతాయి. తెలుగు యూనికోడ్ కాబట్టి 70 మాత్రమే, ఒత్తులు, గుణింతాలు కూడా విడివిడిగా లెక్క. అందుకే ఒకటి రాసి చూశాను:

"రూ.14700 కార్డు నుంచి పోయాయి. మీరు చేయలేదా? 1 అని రిప్లై ఇవ్వండి"

లెక్కపెట్టాను, 64. ఒక్క మెసేజ్‌లో పడుతుంది. మెసేజ్‌కి రిప్లై ఇచ్చి అభ్యంతరం చెప్పే వీలు ఉండాలని ఆ 2017 సర్క్యులర్‌లోనే ఉంది, నేను కొత్తగా కోరేదేం లేదు. ఖాతా తెరిచేటప్పుడు "మెసేజ్‌లు ఏ భాషలో కావాలి?" అని ఫారంలో ఒక్క గడి పెట్టాలి, అంతే. పిల్లలు చదువుకున్నారుగా, వాళ్ళు చెబుతారులే అంటారా? మా ఇంట్లో ఆ పద్ధతి ఎలా పనిచేసిందో పైన చెప్పాను.

అది మారేలోపు మనం చేయగలిగింది చేద్దాం. అమ్మానాన్నల కార్డుల్లో విదేశీ స్విచ్ ఆపెయ్యండి. బ్యాంక్ నంబర్, 1930 వాళ్ళ ఫోన్లో తెలుగులో సేవ్ చెయ్యండి. కంప్లైంట్ నంబర్ తీసుకోకుండా ఫోన్ పెట్టెయ్యొద్దు. బ్యాంక్ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. అన్నింటికంటే ముందు, ఇంటి నుంచి వచ్చి మీరు తెరవని స్క్రీన్‌షాట్ ఏదైనా ఉంటే ఇప్పుడే తెరవండి.

నాన్న ఇప్పటికీ స్క్రీన్‌షాట్లు పంపుతూనే ఉన్నాడు. కింద రాసే మాట మాత్రం మారింది: "ఇది మూడు రోజుల మెసేజా, వదిలేసే మెసేజా చిన్నా?"

ఈ మధ్య క్లాసులో ఉన్నా తెరుస్తున్నాను.